ముకుంద్‌కు రెండు ఫ్లెక్సులు

ఉండండి, చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఇది తమిళనాడులో మా రాజపాళయం ముకుంద్ తన దగ్గర ఏమీ లేదని నిరూపించుకోడానికి కోర్టుకు పోయిన కథ.

ముకుంద్ స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. మిల్లు మూతపడి మూడు నెలలైంది, చివరికి అతనికి మిగిలింది మిల్లువాళ్ళిచ్చిన గోడగడియారం. భార్య గాయత్రితో విడాకులప్పుడు కూతురు అభిరామికి నెలకు పన్నెండు వేల జీవనాంశం ఒప్పుకున్నాడు. అది కట్టలేకపోతే ఆదివారాలు పాపను చూసేది కూడా పోతుందని భయం. అందుకని ఆ రోజు ప్లాను చాలా సింపుల్: ఇడ్లీ తినడం, గడ్డం గీసుకోకపోవడం, వేలై, అదే ఉద్యోగం, దొరికేదాకా తగ్గించమని శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో అడగడం, భోజనానికి ఇల్లు చేరడం.

కానీ వాళ్ళమ్మ అమ్మణికి పరువొకటుంది కదా. వీధంతా చెప్పింది: "మా వాడే వేలై వదిలేసినాడు. సొంతంగా తొళిల్ పెట్టబోతాడు." తొళిల్ అంటే పరిశ్రమ. ఆమె తమ్ముడు రామసుబ్రహ్మణ్య అది నమ్మేశాడు. ఆయన ఏదైనా నమ్మితే ఫ్లెక్సు కట్టాల్సిందే.

బస్సు కోర్టు మలుపు తిరగ్గానే కనిపించింది. పన్నెండడుగుల ముకుంద్, నల్ల కళ్ళద్దాలు, వెనక ఎవరిదో ఫ్యాక్టరీ, పక్కన ఎవరిదో తెల్ల వేటకుక్క. కింద "తొళిలదిపర్ ఎం. ముకుంద్", అంటే పారిశ్రామికవేత్త అన్నమాట.

గాయత్రి లాయరు తమిళ్‌సెల్వన్ దాని ఫోటో జడ్జమ్మకు చూపించాడు. "కుక్కను చూడండమ్మా. దాని కోడి మాంసానికే నెలకు ఎంతవుతుందో."

"కుక్క నాది కాదమ్మా," అన్నాడు ముకుంద్ తమిళంలో.

"ఫ్యాక్టరీ?"

"అదీ నాది కాదు."

"ముఖం?"

"అది... నాదే."

కొడుకు వెంట వచ్చిన అమ్మణిని జడ్జమ్మ ముందుకు పిలిచింది. ఇక్కడే మా ఊరి బ్రహ్మాస్త్రం బయటికొచ్చింది. తమిళ ఆఫీసర్ల ముందు రహస్యం మాట్లాడాలంటే మేం ఇంటి తెలుగులోకి దిగిపోతాం, ఎవరికి తెలుస్తుందిలే అని.

"అమ్మా, వేలై పోయిందని చెప్పు. లేకుంటే పాప కూడా పోతుంది," అన్నాడు ముకుంద్.

"గాయత్రి ఎదురుగానా? మొన్న ఫ్రిజ్జు అమ్మి కరెంటు బిల్లు కట్టినామని కూడా చెప్పమంటావా? నోరు మూసుకోని నిలబడు రా." అనేసి, జడ్జమ్మ వైపు తిరిగి తియ్యటి తమిళంలో అంది: "నా కొడుక్కి ఏం కొరతమ్మా? పన్నెండేంది, పదహైదే ఇస్తాడు."

జడ్జమ్మ పెన్ను కింద పెట్టి, చక్కటి తెలుగులో అడిగింది: "మాది సాత్తూరు పక్కనమ్మా. మా ఇంట్లోనూ ఇదే మాట. ఫ్రిజ్జు ఎంతకు పోయింది?"

అమ్మణి జీవితంలో మొదటిసారి పరువు మరిచిపోయింది. "తక్కువకే ఇచ్చినామమ్మా. డోరు పట్టదు."

"నేనుండేటప్పటి నుంచే పట్టదు," అంది గాయత్రి. "ఈయనకు వేలై లేదని నాకు తెలుసమ్మా. ఉండేది ఇస్తే చాలు."

జడ్జమ్మ తీర్పు: వేలై దొరికేదాకా నెలకు ఐదు వేలు, ఆదివారాలు మామూలే. అయిపోయింది. కథ ఇక్కడే ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ అమ్మణి మెట్ల మీదనే తమ్ముడికి ఫోన్ కొట్టింది: "జీవనాంశం తగ్గించినారు. మనం గెలిచినాం."

మా ఊళ్ళో పరోటా కంటే ఫ్లెక్సు తొందరగా వస్తుంది. సాయంత్రం పాపను చూద్దామని స్కూలుకు పోయిన ముకుంద్‌కు గేటు మీదే కనిపించింది: అవే కళ్ళద్దాలు, అదే కుక్క, "కన్నకూతురి జీవనాంశం తగ్గించి గెలిచిన వీరుడు." పక్కన నిచ్చెన మీద మామ ఆఖరి ముడి వేస్తున్నాడు.

"ఎట్లుంది అల్లుడా?"

బడి గంటకు నాలుగు నిమిషాలుంది. అభిరామికి ఈ మధ్యే చదవడం బాగా వచ్చింది. మీరైతే ముందు ఏది లాగుతారు, ఫ్లెక్సా, నిచ్చెనా?