నాంచారమ్మ కుడి బొటనవేలు

తోమగా తోమగా పతకం అంచున చెక్కిన పేరు అరిగిపోతే, ఆ పేరు తోమినవారి బొటనవేలిలోకి చేరుతుందన్నది వీరపతకాలు సేకరించేవారందరికీ తెలిసిన సంగతే. అందుకే నాంచారమ్మ తన భర్త పతకాన్ని వెనక్కి తీసుకుపోదామని పట్నంలోని యుద్ధస్మృతుల ప్రదర్శనశాలకు వచ్చినప్పుడు, అక్కడి అధికారి మార్కండేయులు మొదట ఆవిడను కుడిచెయ్యి చూపించమన్నాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో పోయిన ఆ సైనికుడి సామాను ఎండాకాలంలోనే అక్కడికి చేరింది. ట్రంకుపెట్టె, ఉన్ని స్వెట్టరు, సొట్టపడిన మగ్గు, గడ్డం గీసుకునే బ్రష్షు, పతకం. జనానికి చూపించి తిరిగి ఇచ్చేస్తామన్నారు, ఆవిడ ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన శుక్రవారాలే ఆవిడకు గడవలేదు. పెళ్లయిన నాటినుంచీ శుక్రవారం పొద్దున్నే చింతపండూ బూడిదా పెట్టి దీపపు కుందులు తోమడం అలవాటు. పతకం ఇంటికొచ్చాక కుందులతోపాటు దాన్నీ తోమేది. ఇప్పుడు కుందులు అయిపోయాక చెయ్యి ఇంకా దేనికోసమో వెతుకుతోంది. అది చూడలేక తోడికోడలు సత్తెమ్మ ఆవిడను బస్సెక్కించి తీసుకొచ్చింది.

"ఆయన పేరేంటమ్మా?" అడిగాడు మార్కండేయులు.

నాంచారమ్మ తల దించుకుంది. భర్త పేరు ఆవిడ ఎప్పుడూ నోటితో పలకలేదు.

"పోనీ, మీరు చెప్పండి."

"బాగుందండీ! బావగారి పేరు నేనెలా చెప్తాను?" అంది సత్తెమ్మ.

మార్కండేయులు భూతద్దం తీశాడు. పతకం అంచు ఏటి గులకరాయిలా నున్నగా ఉంది. అద్దాన్ని ఆవిడ బొటనవేలి మీదకు జరిపి, గట్టిగా చదివాడు. "లాన్స్ నాయక్ గంధం పేర్రాజు."

ఆడవాళ్లిద్దరూ కొంగులు భుజాల మీదకు లాక్కుని లేచి నిలబడ్డారు.

"అందుకేనన్నమాట!" అంది సత్తెమ్మ. "పింఛను ఆఫీసులో అక్క వేలిముద్ర ఏసినప్పుడల్లా, చచ్చిపోయినాయన సంతకం చెయ్యకూడదని తిప్పి పంపేసేవోళ్లండి."

"వాళ్ల తప్పేం లేదమ్మా. నిబంధన అది."

తర్వాత ఆయన మిగతాది వివరించాడు. పేరు లేని పతకం ఎవరిదైనా కావచ్చు కాబట్టి అది వట్టి బిళ్ల. పేరు ఎక్కడుంటే అదే అసలు పతకం. వేలొక్కటే తీసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న గతంలో వచ్చింది. సేకరించిన వస్తువును ముక్కలు చేస్తే విలువ పోతుందని పెద్దలు తేల్చారు. కాబట్టి వేలితో చెయ్యి, చేతితో మనిషి.

"అంటే?"

"బిళ్ల మీరు పట్టుకెళ్లచ్చు. ఈవిడ ఇక్కడుండాలి."

సత్తెమ్మ బల్ల మీద చరిచింది. "ఓరి నాయనో! మడిసండీ ఈవిడ! మరచెంబా, మంచవా, అద్దాల బీరువాలో పెట్టేసుకోడానికి?"

"బీరువా కాదమ్మా. లోపల కుర్చీ వేస్తాం. ఫ్యానుంటుంది."

నాంచారమ్మ ఒక్కటే అడిగింది. "ఆ ట్రంకుపెట్టి ఎక్కడుంటాది బాబూ?"

"మీ పక్కనే."

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. బిళ్లను రుమాల్లో చుట్టి సత్తెమ్మకిచ్చారు. దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మనిషి అక్కడ ఉండిపోయింది, బిళ్ల ఇంటికి వెళ్లింది.

గాజు గది ముందు చీటీ పెట్టారు. అసలు పతకం. ముట్టరాదు. కడగరాదు. కడగకూడదు కాబట్టి ఆవిడ అన్నం ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. పంద్రాగస్టునాడు పెద్దలు వరుసగా వచ్చి బొటనవేలికి వందనం చేసి వెళ్లారు. దీపపు వెలుగు వేలి మీదకే పడేలా అమర్చారు. ముఖం నీడలో ఉంది. అది ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు.

తర్వాత ఒక శుక్రవారం సత్తెమ్మ క్యారేజీ తెచ్చింది. అన్నం పెట్టడానికి గాజు తలుపు తీసిన కాపలాదారు టీకి వెళ్లగానే, అడుగు గిన్నె విప్పింది. అందులో నానబెట్టిన చింతపండు, బూడిద.

"రుద్దేసుకో అక్కా, బేగి! పేరు పోతే నిన్నెవరూ ఉంచుకోరు. మజ్జానం బస్సుకి ఇంటికెళ్లిపోదాం."

నాంచారమ్మ ఎడమచేత్తో చింతపండు తీసి వాసన చూసింది. బొటనవేలి దగ్గరదాకా తెచ్చింది. తర్వాత దాన్ని గిన్నెలో వేసేసి, నాలుగు వేళ్లూ బొటనవేలి మీదకు మడిచి పిడికిలి బిగించింది.

"మళ్లీ వత్తానని ఎల్లేరు. బిళ్లై వచ్చేరు. బిళ్లమీంచీ నేనే అరగదీసేసేను. ఇక్కణ్నించీ అరగదీసేత్తే ఈపాలి ఎక్కడికెల్తారో తెలీదు కదే సత్తీ."

"నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదక్కా."

"తెలుసే."

సత్తెమ్మ ఆవిడ పిడికిలి పట్టుకోబోయింది. వెనక కాపలాదారు దగ్గాడు. "ముట్టుకోకూడదమ్మా."

సత్తెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని క్యారేజీ సర్దుకుంది. చింతపండు వృథా పోనివ్వకుండా ఇంటికి తెచ్చి, దీపం వేళకు ముందే కుందులు తోమింది. బిళ్లను మాత్రం ముట్టుకోలేదు.