ఇనుముకి అలుపేంటండీ!

ముందే తెలుసుకోవడమంత చెడ్డ అలవాటు లోకంలో మరొకటి లేదు! నమ్మరా? అయితే పెదపాడు దగ్గరి కాలువ మీద ఇనప వంతెనకి ఏమైందో వినండి. ముందే తెలుసుకుని బాధపడ్డావిడ సలోమి గారు. తెలుసుకోకుండా సుఖపడ్డాయన ఇంజనీరు జోగారావు గారు.

సలోమి గారు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. లోహాలు ఎందుకు విరుగుతాయన్నదే ఆవిడ చదివిన చదువు. ఓ ఆదివారం చర్చికని పుట్టింటికొస్తూ వంతెన దగ్గర స్కూటీ ఆపారు. కింది దూలానికి వెంట్రుకంత పగులు! చేపల లారీ వెళ్ళినప్పుడల్లా అది నోరు తెరిచి మూస్తోంది. నెల తిరిగేసరికి జానెడు పొడవైంది. ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్నారావిడ. ఊరి పిల్లలు ఏలూరు బడికి ఆటోలో వెళ్ళేది దాని మీదే మరి.

మర్నాడే ఆ వంతెన బాధ్యత చూసే జోగారావు గారి ఆఫీసుకి వెళ్ళారు.

"ఇనుము కూడా అలిసిపోతుందండీ. బరువు పడుతూ లేస్తూ ఉంటే పగులు పెరిగి, ఒక్కసారిగా విరుగుతుంది. ఈ వానాకాలం దాటదండీ."

"ఇనుముకి అలుపేంటండీ! పొద్దుటి నుంచీ కూర్చున్న నాకే లేదు."

ఆవిడ బల్ల మీది జెమ్ క్లిప్పు తీసి అటూ ఇటూ వంచారు. టప్పున విరిగింది.

"చూశారాండీ?"

"చూశానండీ. ఆఫీసు క్లిప్పు విరగ్గొట్టేశారు!"

అలాగని ఆయన పట్టించుకోలేదనకండి, కళ్ళు పోతాయి! వారం తిరక్కుండా వంతెనకి వెండిరంగు వేయించారు. పగులు మాయం! ఇంత చవకైన వైద్యం ఏ దేశంలో ఉంది? రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు.

వానలు పడ్డాయి. ఓ సోమవారం పొద్దున్న పుట్టింటి నుంచి కాలేజీకి బయల్దేరిన సలోమి గారికి వెండిరంగు చీలి, తుప్పు కారుతూ కనబడింది. మరో ఆలోచన లేకుండా స్కూటీని వంతెనకి అడ్డంగా పెట్టి నిలబడ్డారు. వెనక పిల్లల ఆటో, దాని వెనక చేపల లారీ. హారన్లు!

"ఐసు కరిగిపోతందమ్మా, తప్పుకోండి!" అన్నాడు లారీ డ్రైవర్ సూరిబాబు.

"నా మీద నుంచి పోనియ్యి నాయనా. దీని మీద నుంచి మాత్రం వద్దు."

తన మాట తప్పని తేలితే ఊరంతా నవ్వుతుంది. అయినా కదల్లేదు.

రాకపోకలు ఆగాయని కబురందింది. ఏలూరు వైపు నుంచి జోగారావు గారు జీపులో వచ్చారు. ధైర్యవంతుడు కదా, వంతెన మీద నుంచే వచ్చారు! ముందు చక్రాలు ఇటు గట్టెక్కాయో లేదో, వెనకాల ఫెళ్ళుమంది. వెండి వంతెన రెండుగా మడతపడి కాలువలో కూలింది. గట్టుకి వేలాడుతున్న జీపులోంచి ఆయన్ని సలోమి గారూ సూరిబాబూ బయటికి లాగారు. ఆటోలో పిల్లలు కెవ్వుమన్నారు.

ఎవరికీ గీత కూడా పడలేదు. ఇప్పుడా పిల్లలు దోనెలో కాలువ దాటుతున్నారు. అది చూడలేక, కొన్నాళ్ళకి ఆవిడ కొత్త వంతెన సంగతి అడగడానికి వెళ్ళారు.

జోగారావు గారు లేచి కుర్చీ వేశారు, కాఫీ తెప్పించారు.

"నా ప్రాణం నిలబెట్టారండీ, జన్మలో మర్చిపోను. కానీ వంతెన కష్టమండీ. ఎంతమంది పోయారని పైవాళ్ళడిగారు. ఎవరూ పోలేదన్నాను. అయితే తొందరేముంది అన్నారండీ."

నొచ్చుకుంటూ గొంతు తగ్గించారు.

"ఆ ఆటో మీరే కదండీ ఆపేశారు..."