తుపాకి తాలూకు మనిషి

ఎన్నికల కోడ్ వచ్చిన మర్నాడు పొద్దున్నే, చట్టం చెప్పిన ప్రకారం, తుపాకి కుళ్ళాయప్పను తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తీసుకుంది.

చూసేవాళ్ళకి అందులో వింతేమీ కనబడలేదు. ఎప్పటిలాగే తుపాకి అతని భుజం మీదే ఉంది, నడిచిందీ అతనే. రసీదు మాత్రం తుపాకి పేరున రాశారు. అతని భార్య ఆదెమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

వెనకటికి ఈ వ్యవహారం తలకిందులుగా ఉండేదట. ఎన్నికలొస్తే మనుషులే తుపాకుల్ని స్టేషన్లో అప్పజెప్పి, ఫలితాలయ్యాక తెచ్చుకునేవాళ్ళట. తర్వాత ఆ రాజ్యంలో ఆయుధం హక్కు అసలు ఎవరిదన్న వ్యాజ్యం పుట్టింది. ప్రతి పౌరుడిదీ అని ఒక వకీలు, సైన్యానిది మాత్రమే అని ఇంకొకాయన, ప్రాణభయం ఉన్నవాళ్ళదని మరొకాయన ఏళ్ళ తరబడి గొంతులు చించుకున్నారు. ధర్మాసనం ఓపిగ్గా అంతా విని, ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి పట్టుకుంది. ఏ కేసులో చూసినా లైసెన్సుదారు చచ్చిపోయో, జైలుకి పోయో, చూపు మందగించో మారిపోతున్నాడు. తుపాకి మాత్రం అదే. కాబట్టి హక్కు ఆయుధానిదేననీ, మనిషి ఆ హక్కు మీద విధించిన సమంజసమైన పరిమితి అనీ తీర్పు చెప్పింది. ఒక తుపాకి ఇద్దరికి మించి మనుషుల్ని ఉంచుకోకూడదని, జాతరల్లో ఊరేగింపుల్లో తన మనిషిని ప్రదర్శించకూడదని నిబంధనలు వచ్చాయి. తుపాకి మాట్లాడదు గనక, అడిగినదానికి అది కాదనకపోతే ఔనన్నట్టే లెక్క. జనం కొన్నాళ్ళు ముక్కున వేలేసుకుని, తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

కుళ్ళాయప్పది రెండు గొట్టాల తుపాకి. అంటే ఆ తుపాకిది కుళ్ళాయప్ప. వేరుశనగ చేలో పడే అడవిపందుల్ని తరమడానికి అతని తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో ఉంది. తండ్రి పోయాక, పెద్దకొడుకు తిప్పన్నను కాదని అది చిన్నవాణ్ణి వారసత్వంగా తీసుకుంది. అసలే అన్నదమ్ములకి ఉప్పూ నిప్పూ. ఇద్దరి పొలాలకీ ఒకటే బోరు. కరెంటు వచ్చే ఆ కాస్త సమయంలో ఎవరు ముందు నీళ్ళు పెట్టుకోవాలన్నదే నిత్యం తగువు. పందుల మీద పేలాల్సింది ఏదో ఒకరోజు బావ మీద పేలుతుందని ఆదెమ్మకి భయం. దేవుణ్ణి ఆమె అడిగేది ఒక్కటే, తన మొగుడి చేత్తో ఆ పాపం జరగకూడదని.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ కుళ్ళాయప్పను బెంచీ మీద కూర్చోబెట్టి రేకు పెట్టె ఒకటి ముందు పెట్టాడు.

"లోపల ఏమీ ఉండగూడదు. ఖాళీ చేసే పెట్టుకోవాల మేము. ఎవురెవురి మీద ఏమేముండాదో అంతా చెప్పు" అన్నాడు.

కుళ్ళాయప్ప చెప్పడం మొదలుపెట్టాడు. తన వంతులో అన్న మోటరు ఆపేసిన రోజు. గట్టు జరిపిన సంగతి. తల్లి చనిపోతూ చెవికమ్మలు పెద్దకోడలికి ఇవ్వడం, అన్న వద్దనకపోవడం. ఒక్కో మాట పూర్తవగానే అతని నోట్లోంచి శనగగింజంత సీసపు గుండొకటి పెట్టెలో ఖంగుమని పడింది. మస్తాన్ ఆవులిస్తూ విన్నాడు. చివరికి కుళ్ళాయప్ప నోరు తెరిచాడు గానీ ఏమీ రాలేదు. మస్తాన్ టార్చిలైటు వేసి అతని గొంతులోకి చూసి, తృప్తిపడి, చూపుడువేలికి దారంతో అట్టముక్క కట్టి, లోపలి గదిలో మిగతా మనుషుల వరసలో గోడకి ఆనించి నిలబెట్టాడు. హోంగార్డు తుపాకిని మోటార్ సైకిల్ మీద ఇంటికి చేర్చి, దాని మూలలో నిలబెట్టి వెళ్ళాడు.

ఎన్నికలు ప్రశాంతంగా ముగిశాయి. తుపాకులన్నీ ఇళ్ళలో ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. ఒక్కటీ పేలలేదు. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆదెమ్మ వారం వారం క్యారియర్ తీసుకెళ్ళేది. మనుషులు తుప్పు పట్టకుండా పోలీసులు వాళ్ళ కీళ్ళకి కొబ్బరినూనె రాసేవాళ్ళు గనక ఆ గదంతా తలంటు పోసుకునే ఇంటి వాసన వేసేది. గోడవార మనుషులు కళ్ళు తెరిచే ఉండేవాళ్ళు, రెప్ప మాత్రం ఎప్పుడో గాని వాల్చేవాళ్ళు కాదు. మొదట్లో ఆమె వాళ్ళ వైపు చూడకుండానే క్యారియర్ విప్పేది. ఒకసారి ముద్ద నోట్లో పెడుతుంటే కుళ్ళాయప్ప నెమ్మదిగా, "నువ్వు తిన్న్యావా?" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట అతని నోట ఆమె వినలేదు. ముద్ద మింగి, "అన్నోళ్ళ చేను ఎట్లుంది? ఎండిపోకుండా ఉండాదా?" అని కూడా అడిగాడు. ఆదెమ్మ స్టేషన్ బయటికొచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చింది. దుఃఖంతో కాదు.

ఫలితాలు వచ్చాయి. రెండో మనిషి ఉన్న తుపాకులన్నీ వచ్చి తమవాళ్ళని విడిపించుకుపోయాయి. ఆదెమ్మ ఒక్కతే వెళ్తే మస్తాన్ తల అడ్డంగా ఊపాడు.

"నీకిచ్చేది లేదమ్మా. పెట్టింది తుపాకి, రావాల్సింది తుపాకి."

"దాన్ని మోసుకోని వచ్చేటోడు నీకాడనే ఉండాడు గదా సార్!"

"నిజమే. అందరూ అదే మాటంటారు" అన్నాడు మస్తాన్, కోపం లేకుండా. గడువులోగా తుపాకి రాకపోతే మనిషిని జిల్లా ఆయుధాగారానికి పంపుతారని, అక్కడి నుంచి మనిషి కరువైన ఏ సర్కారు తుపాకికో కేటాయిస్తారని చెప్పాడు. "మంచి కండిషన్లో ఉండాడు. తొందరగానే పోతాడు."

దారి ఒకటే మిగిలింది. తుపాకి ఆదెమ్మను రెండో మనిషిగా తీసుకోవాలి. ఆమె తహశీల్దారు కచేరీకి వెళ్ళింది. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుంది.

"ప్రాణభయం ఉందా?"

"ఉండాది మేడం."

"ఎవరి వల్ల?"

ఆదెమ్మ ఉన్నమాటే చెప్పింది. "మా ఇంటాయన వల్ల."

గుమాస్తా కలం ఆపింది. "సొంత ఇంట్లో భయం లెక్కలోకి రాదమ్మా. అట్లా రాసుకుంటూ పోతే ఊళ్ళో ప్రతి ఆడదానికీ ఒక తుపాకి కావాలి. బయటివాళ్ళ పేరు చెప్పు."

ఆదెమ్మకి బయటివాళ్ళెవరూ తోచలేదు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. మొగుడి నోట రోజూ విన్న పేరు ఒక్కటే నాలిక మీద ఆడింది.

"మా బావ, తిప్పన్న" అంది.

"ఆ, ఇది సరిపోతుంది" అంది గుమాస్తా. తర్వాత ఒక ఉద్యోగి ఇంటికొచ్చి, మూలనున్న తుపాకికి ఎదురుగా నిలబడి, ఈమెను ఉంచుకోవడానికి అభ్యంతరమా అని అడిగాడు. తుపాకి కాదనలేదు.

ఆదెమ్మ తుపాకిని భుజానికెత్తుకుని స్టేషన్కి వెళ్ళింది. మస్తాన్ కుళ్ళాయప్ప వేలికున్న దారం తెంపాడు. అతను ఒళ్ళు విరుచుకుని, భార్యని చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆదెమ్మ గబగబా అతని చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది.

"ఉండు. పెట్టె మరిచిపోతాండావు" అన్నాడు మస్తాన్.

"పెట్టె మాకొద్దు సార్. ఈడనే పారేయండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"అది మీది కాదమ్మా, తుపాకిది. మందుగుండు లేకుండా తుపాకిని పంపిస్తే నా ఉద్యోగం పోతాది." మస్తాన్ తుపాకి వైపు వంగి, మందుగుండు వెంట తీసుకెళ్తారా అని మర్యాదగా అడిగాడు. తుపాకి కాదనలేదు.

కుళ్ళాయప్ప పెట్టె అందుకోబోతే మస్తాన్ అతని చెయ్యి పక్కకి నెట్టాడు. "నీకు కాదు. తుపాకి ఎవురి భుజాన ఉంటే వాళ్ళే మింగి మోసుకోని పోవాల."

ఆదెమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ గుండ్లు అతనిలోకి తిరిగి పోవు. అతను ఇట్లాగే ఉంటాడు. అంతకంటే ఆమె కోరుకున్నదేమీ లేదు. ప్రాణం తేలికపడింది. మస్తాన్ ఇచ్చిన గ్లాసుడు నీళ్ళతో, మాత్రలు మింగినట్టు, ఒక్కొక్కటే అన్నీ మింగేసింది. చల్లగా, కాస్త చేదుగా దిగిపోయాయి.

ఆటో దిగి చేనుదారి పట్టేసరికి కరెంటు వచ్చే వేళయింది. బోరు దగ్గర తిప్పన్న స్టార్టరు పెట్టె తెరిచి నిలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు అన్ననే పెట్టుకోనీలే. మనకేం తొందర?" అన్నాడు కుళ్ళాయప్ప.

ఎన్నేళ్ళుగానో ఆదెమ్మ వినాలనుకున్న మాట అది. విన్నది. కానీ అదే సమయంలో అత్త చెవికమ్మలు కళ్ళ ముందు మెదిలాయి. జరిగిన గట్టు ఎంత జరిగిందో స్పష్టంగా కనబడింది. ఆగిపోయిన మోటరు నిశ్శబ్దం చెవుల్లో నిండింది.

"మన వంతు మనం ఎందుకిడిసిపెట్టాల?" అంది. ఆ గొంతు ఆమెకి కొత్తగా అనిపించలేదు.

కుళ్ళాయప్ప ఆమె ముఖంలోకి చూసి ఆగిపోయాడు. "బరువుగా ఉంటాది ఆదీ, తుపాకి ఇట్లా తే."

"బరువేం లేదులే" అంటూ ఆమె ముందుకు నడిచింది.

అడుగుల చప్పుడుకి తిప్పన్న ఉలిక్కిపడి తలెత్తాడు. వెనక వస్తున్న తమ్ముడి ఖాళీ చేతుల్ని చూశాడు. హమ్మయ్య అన్నట్టు నవ్వి, మళ్ళీ స్టార్టరు వైపు తిరిగాడు. మరదలి వైపు చూడాలని అతనికి తోచలేదు.