ప్రోసర్ గారి సీసా స్వరాజ్యం

"మన సీసా, మన హక్కు" అని కౌన్సిలర్ లయనెల్ ప్రోసర్ గారు ప్రకటించిన ఆ గురువారం మా వాటిల్ క్రీక్ పేట చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగ్గది. ప్రకటించింది సభలో కాదు, సుమాలీ థాయ్ హోటలు ముందు ఫుట్‌పాత్ మీద, కాగితం సంచీలోంచి వైన్ సీసా తీస్తూ. పక్క బల్ల దగ్గర నేనున్నాను. ట్రామ్ నడపడం మానేసిన ఈ ఆరేళ్ళుగా ప్రతి గురువారం అక్కడే ఉంటున్నాను. చరిత్రకి పక్క బల్ల దొరకాలన్నా రాసిపెట్టి ఉండాలి.

మా పేటలో థాయ్ హోటలుకి ఎవరి వైన్ వాళ్ళే తెచ్చుకుంటారు. హోటలు గ్లాసుల్లో తాగినందుకు తలకి నాలుగు డాలర్లు కార్కేజీ. ఇన్నాళ్ళూ కిక్కురుమనకుండా ఇస్తున్నాం. ఇందులో ఇంత దౌర్జన్యం ఉందని కనిపెట్టడానికి ప్రోసర్ గారే పుట్టాల్సి వచ్చింది.

"కార్కేజీ అంటే బిరడా తీసినందుకు రుసుము. నా సీసాకి బిరడా ఏదీ? మర మూత. నేనే తిప్పుకున్నాను," అన్నారు. వారపత్రిక ఫొటోగ్రాఫర్ కోసం మూత బిగించి మళ్ళీ తిప్పారు.

హోటలు యజమాని సుమాలీ నవ్వుతూనే చెప్పింది. "బిరడాకి కాదు సార్, గ్లాసులకి. కడగాలి, తుడవాలి. వారానికి అరడజను పగులుతాయి కూడా."

"ప్రజల దాహం మీద వ్యాపారం చెయ్యకూడదు సుమాలీ," అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, ఫుట్‌పాత్ బల్లల అనుమతి నెలాఖరుకి అయిపోతుందనీ, కొత్త దరఖాస్తు తన దగ్గరే ఉందనీ గుర్తుచేశారు. ఎంత శ్రద్ధ! ఊరి మీద నాలుగొందల దరఖాస్తులుంటే ఈ ఒక్కటే ఆయనకి కంఠతా వచ్చు.

హోటలు లోపల మూడు బల్లలు, బయట ఎనిమిది. బయటివి పోతే హోటలు మూసుకోవాల్సిందే. సుమాలీ లోపలికి వెళ్ళి, కార్కేజీ అని రాసిన పలక గోడ మీంచి తీసుకొచ్చి, ఆయన చేతుల్లో పెట్టి నమస్కారం చేసింది. ఫొటో బాగా వచ్చింది. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. కూరలో మిరపకాయ ఎక్కువైంది కాబోలు.

తర్వాత కార్కేజీ విమోచన ఉపసంఘం ఏర్పడింది. విముక్తి ఎలా అమలవుతోందో చూడటానికి ఉపసంఘం గురువారం గురువారం వచ్చేది. మొదటి వారం ఆరుగురు, రెండోవారం పదకొండుగురు, మూడోవారం బావమరదులతో సహా పంతొమ్మిదిమంది. ఎవరి సీసా వాళ్ళదే. అందరికీ కలిపి రెండు ప్లేట్ల నూడుల్స్. ఎర్ర వైన్‌కి ఒక గ్లాసు, తెల్ల వైన్‌కి ఇంకోటి, మంచినీళ్ళకి మరోటి. ఏం తేలిందని వినయంగా అడిగాను. తెల్ల వైన్‌కి వేయించిన చేప బాగా కుదురుతుందని మధ్యంతర నివేదికలో రాస్తున్నామన్నారు ప్రోసర్ గారు.

"మా చెల్లెలింటి గ్లాసులు కూడా తెచ్చేశాను మర్విన్ అన్నా," అంది సుమాలీ, మోచేతుల దాకా నురగతో. "ఆ అనుమతి కాగితం ఒక్కటి వస్తే చాలు."

కాగితం వచ్చింది. తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

"నేను సరిగ్గానే చదివానా అన్నా?"

సరిగ్గానే చదివింది. ఎనిమిది బల్లలకీ అనుమతి ఉంది. కాకపోతే కౌన్సిల్ వారి ఫుట్‌పాత్ మీదికి హోటలు తన సొంత కుర్చీలు తెచ్చుకుంటోంది కనక, ఊడ్పు ఖర్చుల కింద కుర్చీకి వారానికి తొమ్మిది డాలర్లు. కింద ప్రోసర్ గారి సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ఫుట్‌పాత్ రోజూ పొద్దున్నే ఊడ్చేది సుమాలీ. ఆమె కాగితం మడిచి నడుముకి కట్టుకున్న ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నేను ఇంటికెళ్ళి నాలాగే గురువారం గురువారం అక్కడ తినే వాళ్ళందరికీ ఫోన్లు చేశాను.

పై గురువారం బయట ఎనిమిది బల్లలూ ఉన్నాయి. హోటలు కుర్చీ ఒక్కటీ లేదు. మా పేటలో క్రికెట్ చూడటానికో సముద్రం ఒడ్డుకో పనికొస్తుందని మడత కుర్చీ లేకుండా ఎవరూ కారు తియ్యరు. అందరం డిక్కీలోంచి దించుకుని మా కుర్చీల్లో మేం కూర్చున్నాం. లోపలి మూడు బల్లలూ ముందే నిండిపోయాయి. అప్పుడు వచ్చారు ప్రోసర్ గారు, ఒక చంకలో విజయోత్సవ సీసా, వెనకాల ఫొటోగ్రాఫర్. కుర్చీ కోసం అటూ ఇటూ చూశారు.

సుమాలీ రెండు చేతులూ జోడించింది. "మీది మీరు తెచ్చుకోలేదా సార్?"

లోపల్నించి ఒకటి తెప్పించమన్నారాయన.

"అలాగే సార్, తొమ్మిది డాలర్లు. కుర్చీకి కాదు, ఊడ్చినందుకట."

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. ప్రోసర్ గారు నావైపు చూశారు. నేను నా మడత కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చున్నాను. ఆయన నిలబడే సీసా మూత తిప్పుకున్నారు. గ్లాసు మాత్రం అడగలేదు.