కడుపు నిండిన గొర్రె కావలెను

ఆకలి నోటితో చెప్పుకునేది కాదు, జన్యువులతో రుజువు చేసుకోవలసినది అని ఆ కరువు ఏట పశుగ్రాస సహాయ విభాగం తేల్చింది. అంతకు ముందు గొర్రెలకు గడ్డి ఇవ్వాలంటే అధికారి వచ్చి పక్కటెముకలు చూసి పోయేవాడు. ఆ పద్ధతిలో జాలి చొరబడుతున్నదని, జాలి ఆడిట్‌కు నిలవదని పైవాళ్లు గ్రహించారు.

పుల్లలచెరువు మండలంలో ఆ పని వేణుగోపాల్ గారి మీద పడింది. ఆయన హోదా మండల ఆకలి నిర్ధారణాధికారి (ఇన్‌చార్జి. అసలు అధికారిని ఇంకా నిర్ధారించలేదు).

జీపు వచ్చిననాడు చెంచులక్ష్మి తుమ్మకాయలు దులుపుతున్నది. భర్త అంకన్న పెద్దమందను తోలుకొని కృష్ణ కాలవల వైపు మేపుకు పోయాడు. అంత దూరం నడవలేని ముసలి గొర్రెలు, చూడి గొర్రెలు ఆమె పాలిట మిగిలాయి. అడవి వారనున్న ఆ పల్లెలో తుమ్మకాయలు, వేపరొట్టలతోనే వాటి ప్రాణాలు నిలుపుతున్నది. జీపులోంచి గడ్డి దిగుతుందేమోనని ఆశగా చూసింది. ఐసుపెట్టె దిగింది.

దాని వెంట వాసవి దిగింది. మార్కాపురం షావుకార్ల ఇంటి పిల్ల, ల్యాబులో పని. ఆమె ఒక చిన్న గాజు పలక చూపించి ఓపికగా చెప్పింది. (బడిపిల్లల పలకలకు పేరుపడ్డ ఊరి పిల్ల కాబట్టి పలక గురించి చెప్పడం ఆమెకు కష్టం కాలేదు.) గొర్రె ఒంట్లో వేల జన్యువులుంటాయి. కడుపు నిండినప్పుడు కొన్ని మాట్లాడతాయి, మాడినప్పుడు ఇంకొన్ని మాట్లాడతాయి. పలక మీద ఒక్కో జన్యువుకు ఒక్కో చుక్క. రెండు గొర్రెల నెత్తురులోంచి ఆ మాటలను వేరుచేసి, చెరో రంగు కలిపి, ఒకే పలక మీద పోస్తారు. ఆకలి గొర్రెకు ఎరుపు, కడుపు నిండిన గొర్రెకు ఆకుపచ్చ. ఏది గట్టిగా మాట్లాడితే చుక్క ఆ రంగులో వెలుగుతుంది. రెండిటిదీ ఒకే మాటైతే పసుపు.

చెంచులక్ష్మికి ఇదంతా బాగానే అర్థమైంది. మంద అరుస్తున్నప్పుడు ఇంత దూరం ఎందుకు పోవాలో మాత్రం అర్థం కాలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. పోల్చడానికి కడుపు నిండిన గొర్రె కావాలి. ఆటోకు మైకు కట్టి మండలమంతా చాటించారు. ఒక్కరూ రాలేదు. గొర్రె బక్కగా ఉందంటేనే గడ్డి వస్తుందని తెలిసిన జనం, బలిసిన గొర్రె ఉందని ఎందుకు ఒప్పుకుంటారు? దొరకనిచోట తయారు చేసుకోవచ్చునని నిబంధన ఉంది గనుక, వేణుగోపాల్ గారు చెంచులక్ష్మి ఎర్రగొర్రెను ప్రామాణిక గొర్రెగా నియమించారు. దాని మెడలో బిళ్ల వేశారు. జొన్నచొప్ప, వేరుశనగ కట్టె, దాణా దాని ఒక్కదాని పేరనే దిగాయి. ఇతర గొర్రెలు వాసన కూడా చూడరాదని ఆయన చెప్పి వెళ్లారు.

ఎర్రగొర్రె గుంజకాడ నిలబడి కరకరా నమిలింది. కంచె అవతల మిగతావి వరసగా నిలబడి చూశాయి. అరవలేదు. అరిచివుంటే ఆమె అదిలించి ఊరుకునేదేమో. చూడితో ఉన్న ముసలి గొర్రె ముళ్లకంచెలో మూతి పెట్టి అట్లే నిలబడింది. చెంచులక్ష్మి కాసేపు అటు తిరిగి కూర్చుంది, ఇటు తిరిగి కూర్చుంది. చివరికి లేచి కంచె తీసింది. ఆనాటి నుంచి మోపు వచ్చినప్పుడల్లా అన్నిటికీ తలా గుప్పెడు పంచింది. పక్కింటి ఆదిశేషు గొర్రెలకూ అందులో వాటా పోయింది. గుప్పెడుతో ఏ కడుపూ నిండలేదు. ఎర్రగొర్రె కడుపు కూడా నిండలేదు.

ఎర్రగొర్రెదీ, మండలంలోని మిగతా గొర్రెలదీ నెత్తురు తీసుకుపోయారు. కొన్నాళ్లకు వేణుగోపాల్ గారు బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టి ఫలితం చెప్పారు. పలకంతా పసుపు. అంటే ఈ మండలంలోని ప్రతి గొర్రె కడుపు నిండిన గొర్రెతో సమానంగా ఉన్నది. ఆయన మనస్ఫూర్తిగా అభినందించారు. కొందరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. గడ్డి రద్దయింది.

మరునాడు ఆదిశేషు గొర్రె ఒకటి పడుకొని ఇక లేవలేదు. తన గుప్పెడు గడ్డే ఊరందరి నోరు కొట్టిందని చెంచులక్ష్మికి తెలిసిపోయింది. తెల్లారి బస్సెక్కి మార్కాపురం పోయి ఆఫీసులో నిలబడింది.

“సారూ, ఆ గడ్డి నేను అన్నిటికీ పంచినాను. తప్పు నాది, గొర్రెలది కాదు.”

వేణుగోపాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అంటే ప్రామాణిక గొర్రె కూడా పస్తే ఉండిందా?”

“ఉండింది సారూ.”

“మరి ఆ సంగతి పరీక్ష చెప్పాల గదా?”

“చెప్పింది సార్,” అంది పక్కనున్న వాసవి. “అన్నీ ఒకే మాట చెప్పినాయి. అందుకే పసుపు.”

ఆయన చెడ్డమనిషి కాదు. జాలి ఉన్నవాడే (ఆ సంగతి పైకి తెలిస్తే ఉద్యోగానికి ఇబ్బంది). నిజంగా కడుపు నిండిన గొర్రెను చూపిస్తే మళ్లీ పరీక్ష పెట్టిస్తానన్నారు.

అట్లాంటిది పల్లెలో ఒక్కటే ఉంది. ఆదిశేషు అమ్మవారికి మొక్కి పెంచుతున్న పొట్టేలు. ఎంత కరువొచ్చినా దానికి నానబెట్టిన ఉలవలు తప్పవు. దాన్ని అడిగేసరికి ఆదిశేషు మండిపడ్డాడు. మొక్కుబడి జీవానికి సూది గుచ్చితే అమ్మోరు ఊరుకుంటుందా అన్నాడు.

“అమ్మోరికి నెత్తురు కొత్తా చిన్నాయనా?” అంది చెంచులక్ష్మి. “ఒక చుక్క ముందుగా ముట్టిందనుకో. నీ గొర్రె పోయింది నా వల్ల. ఉన్నవాటిని నిలబెట్టుకోనీ.”

ఆదిశేషు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత తనే పొట్టేలు కొమ్ములు పట్టుకొని, సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నాడు.

ఈసారి పలక మీద ఆకలి చుక్కలన్నీ ఎర్రగా వెలిగాయి. అంత ఎరుపు తన సర్వీసులో చూడలేదని వేణుగోపాల్ గారు పొంగిపోయారు. మండలం ఆకలిలో ఉత్తీర్ణమైందని ప్రకటించారు. గడ్డి లారీ వచ్చింది, దాని వెంట జీపులో వేణుగోపాల్ గారూ వాసవీ వచ్చారు. చెంచులక్ష్మి కంచె బార్లా తీసి, గొర్రెలు తలలు ఎత్తకుండా మేస్తుంటే చూస్తూ కూలబడింది. ముసలి గొర్రె ఈనింది. పిల్ల లేచి నిలబడింది.

లేవబోతే ఆమెకు కళ్లు తిరిగాయి. గంజినీళ్లతో నెట్టుకొస్తున్న ఒళ్లు. వాసవి చెయ్యి పట్టుకొని నిలబెట్టింది. “మనుషులకు ఈ పరీక్ష ఎప్పుడు చేస్తారు సారూ?” అని చెంచులక్ష్మి అడిగింది.

మనుషుల పలకకు ఇంకా మంజూరు రాలేదని వేణుగోపాల్ గారు మర్యాదగా చెప్పారు. అందువల్ల ఆ మండలంలో మనుషులకు ఆకలి ఉన్నట్టు నేటికీ ఎక్కడా ఆధారం లేదు.