పనసపొట్టు తీర్మానం

"ఐక్యతా నిలయం నివాసులకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మనమందరమూ ఒకే భాష మాట్లాడు ఒకే కుటుంబము. ఈ సత్యమును లోకమునకు చాటుటకై వచ్చు ఆదివారము మధ్యాహ్నము మేడపై సామరస్య సహపంక్తి భోజనము జరుగును. ఏ ఫ్లాటువారు ఏ వంటకము తేవలెనో దిగువ జాబితాలో చూడగలరు."

2011 జూన్‌లో, కొత్తపేటలోని ఆ పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో, లిఫ్టు పక్క గోడ మీద ఈ సర్క్యులర్ వెలిసింది. అదే ఆదివారం ఉద్యమకారులు తెలంగాణ రాష్ట్రం కోసం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేయబోతున్నారు. ఎల్.బి. నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సు కదలదు, ఆటో దొరకదు. రోడ్డు మీద వండేవాళ్ళు విడిపోవడానికి వండుతున్నారు గనుక, మేడ మీద వండేవాళ్ళు కలిసి ఉండడానికి వండాలని సంఘాధ్యక్షులు సాంబమూర్తి గారు నిశ్చయించారు.

సాంబమూర్తి గారు విశ్రాంత తెలుగు పండితులు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇక్కడి భాష తమ భాషేనని ఆయనకు ఎంత గట్టి నమ్మకమంటే, అది వినవలసిన అవసరం కూడా ఆయనకు ఎన్నడూ కలగలేదు. సర్క్యులర్ కింద కార్యదర్శి అంతయ్య గారి సంతకమూ ఉంది. అంతయ్య గారిది నల్లగొండ. చదివి సంతకం పెట్టడం ఎదుటివారిని అవమానించడమేనని ఆయన అభిప్రాయం కనుక, చదవకుండానే పెట్టారు.

జాబితాలో నూట ఒకటో నంబరు ఫ్లాటుకు ఎదురుగా ఇలా ఉంది: "పెద్దకూర: దశరథ గారు."

దశరథ దాన్ని మూడుసార్లు చదివాడు. నకిరేకల్ దగ్గరి పల్లె అతనిది. కౌలాలంపూర్‌లో ఒక హోటల్లో తొమ్మిదేళ్ళు బొగ్గుల ముందు నిలబడి, పుల్లలకు గుచ్చిన మాంసం కాల్చాడు. తిరిగివచ్చి, కూతురు జ్యోతికను డాక్టరును చేద్దామని, కోచింగ్ సెంటరుకు నడిచి వెళ్ళేంత దూరంలో సాంబమూర్తి గారి రెండో ఫ్లాటులో కిరాయికి దిగాడు. ఒప్పందం జూన్ నెలాఖరుతో ముగుస్తుంది. పరీక్ష వచ్చే మే నెలలో. నడుమనున్న పది నెలలూ సాంబమూర్తి గారి సంతకంలో ఉన్నాయి.

పెద్దకూర అంటే ఏమిటో తెలంగాణలో ఏ ఇంట్లోనైనా చెబుతారు. పశుమాంసం. సాంబమూర్తి గారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన శాస్త్రం ప్రకారం వేపుడు చిన్నకూర, ముద్దకూర పెద్దకూర.

ఇక్కడ ఐక్యతా నిలయం ఆహార విధానాన్ని కూడా విన్నవించాలి. అపార్ట్‌మెంటు శాకాహారం. అందులో ఉండేవాళ్ళు కాదు. నియమం గేటు వరకే వర్తిస్తుంది. ఆదివారం కాగానే కుటుంబాలన్నీ పుణ్యక్షేత్రానికి వెళ్తున్నంత నిబ్బరంగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, బిర్యానీలు ఆరగించి, సోంపు నములుతూ శాకాహారులై తిరిగి వస్తారు. దశరథకు ఆ స్తోమత లేదు. కిటికీలు మూసి, కుక్కరు మీద తడిగుడ్డ కప్పి, రెండేళ్ళుగా ఇంట్లోనే నేరం చేస్తున్నాడు.

"లచ్చమ్మా, మనకు పెద్దకూర రాసిండ్రే," అన్నాడు భార్యతో. "ఇగ రాష్ట్రం ఒచ్చినట్టే."

"ఏంది, సార్ రాసిండా?" లచ్చమ్మ నమ్మలేదు. "ఎందుకైనా మంచిది, జర మల్లొకసారి అడుగు. కూర కాడ కొంప పోతది."

దశరథ పైకి వెళ్ళి చేతులు కట్టుకొని అడిగాడు.

"సార్, పెద్దకూరనే గదా?"

"పెద్దకూరేనండీ దశరథ గారూ. అందులో సందేహమేమిటి?"

"అందరు తింటరా సార్?"

"ఎంత మాట! మా వైపు పెద్దకూర లేని పెళ్ళి పెళ్ళే కాదు. మా పెద్దమ్మాయి పెళ్ళికి మూడు రకాల పెద్దకూరలు వడ్డించాం. పురోహితుడే మారు అడిగాడు."

కోస్తావాళ్ళను తాము ఇన్నాళ్ళూ ఎంత అపార్థం చేసుకున్నామో దశరథకు ఆ క్షణాన బోధపడింది.

"మీది ఏ పద్ధతైనా నాకు సమ్మతమే. మెత్తగా ఉంటే చాలు, ఈ పళ్ళు నావి కావు," అన్నారు అధ్యక్షులు.

దశరథ తన జీవితంలోకెల్లా ఉత్తమమైన పద్ధతిని ఎంచుకున్నాడు. శనివారం పొద్దున్నే వెళ్ళి లేత దున్నమాంసం తెచ్చాడు. పీచుకు అడ్డంగా, వేలెడు పొడవున, పలచగా కోశాడు. ధనియాలు, జీలకర్ర, పసుపు, అల్లం నూరాడు. నిమ్మగడ్డి కావలసి వచ్చింది. అది సాంబమూర్తి గారి కుండీల్లోనే ఉంది. ఆయన మోకాళ్ళ నొప్పికి దాని కషాయం తాగుతారు. ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు స్వయంగా కోసి ఇచ్చారు.

"దేనికి దశరథా?"

"పెద్దకూరలకమ్మా."

"అయితే ఇంకో నాలుగు పరకలు తీసుకో. వాసన బాగుండాలి."

ఆ విధంగా ఈ వ్యవహారంలో అధ్యక్షుల కుటుంబం వాటా కూడా నమోదైంది. నిమ్మగడ్డి, తాటిబెల్లం, చింతపండు పులుసు కలిపిన ముద్దలో ముక్కలు ఒక రోజు నానాయి. రైతు బజారు బయట కొన్న కొత్త కొబ్బరి చీపురు విప్పి, ఈనెలు కడిగి, తుంచి, మాడిపోకుండా నీళ్ళలో వేశాడు. లచ్చమ్మ పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, బరకగా దంచింది. ఆ పొడి ఎండుమిర్చి ముద్దతో, కొబ్బరిపాలతో ఉడికి, నూనె పైకి తేలి ఎర్రగా మెరిసింది.

ఆదివారం మధ్యాహ్నం చౌరస్తా వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి. మేడ మీద సాంబమూర్తి గారు ఉపన్యసిస్తున్నారు. "మిత్రులారా! రాజకీయ నాయకులు మనల్ని విడదీయగలరేమో గాని, మన విస్తరిని విడదీయలేరు. మాట ఒకటి, మమత ఒకటి!" సభికులు చప్పట్లు కొట్టారు గాని ముఖాలు మాత్రం పిట్టగోడ మూల వైపే తిరిగి ఉన్నాయి. అక్కడ దశరథ పాత ఇనుప తొట్టిలో బొగ్గులు రాజేసి, ముక్కలు గుచ్చిన ఈనెల పుల్లలు వరసగా పేర్చి, చితకగొట్టిన నిమ్మగడ్డి మొదలుతో నూనె పూస్తున్నాడు. కొవ్వు నిప్పు మీద పడి చిటపటలాడిన ప్రతిసారీ ఉపన్యాసంలో ఒక సమాసం తగ్గింది.

బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ యాత్ర తప్పిపోయిన పదకొండు కుటుంబాలకూ ఆ వాసన ఏమిటో తెలుసు. మాంసం. పొట్టేలుదై ఉంటుందని అందరూ ఎవరికి వారే మర్యాదగా అనుకున్నారు. అంతయ్య గారు మాత్రం ఏమీ అనుకోలేదు. ఆయన బాల్యం నల్లగొండలో గడిచింది. ఒక్క పీల్పుకే ఆయన సర్వం గ్రహించి, కండువా సర్దుకొని, పంక్తిలో అందరికన్నా ముందు కూర్చున్నారు.

మొదటి పుల్ల అధ్యక్షులకు. ఆయన ముక్కను పల్లీల ముద్దలో ముంచి నోట పెట్టుకున్నారు. నమిలారు. కళ్ళు మూశారు. పన్నెండు కుటుంబాలు ఊపిరి బిగబట్టాయి. నియమావళికి ఆయనే కర్త.

"పనస!" అన్నారు సాంబమూర్తి గారు.

మేడంతా తేలికపడింది. "పనసే, పనసే," అన్నారు అందరూ. "పనసపొట్టుకు ఈ రుచి ఎలా తెచ్చారండీ?" అంటూ కమిటీ సభ్యులు వెంకట్రావు గారు నాలుగు పుల్లలు ఒకేసారి తీశారు. "దీన్ని మలయాలో సతే అంటరు సార్," అని దశరథ చెప్పగా, అది 'సత్' అనే సంస్కృత ధాతువు నుంచి పుట్టిందనీ, సాత్త్వికాహారమని అర్థమనీ అధ్యక్షులు అక్కడికక్కడే నిరూపించారు. సీతామహాలక్ష్మి గారి ఇడ్లీలన్నీ ఆ పల్లీల ముద్దలోనే మునిగిపోయాయి.

అంతా సవ్యంగా ముగిసేదే. కాని లచ్చమ్మకు వడ్డనలో కొసరడం అలవాటు.

"ఇంకో పుల్ల తీస్కోండ్రి సార్. మంచి లేత దున్నది."

డప్పులు ఇప్పుడు స్పష్టంగా వినబడ్డాయి.

"దేనిది?" అన్నారు సాంబమూర్తి గారు.

"మీరే రాసిండ్రు గద సార్, పెద్దకూరని," అన్నాడు దశరథ. జేబులోంచి సర్క్యులర్ తీశాడు. భద్రంగా నాలుగు మడతలు పెట్టుకున్నాడు.

కాగితం చేతులు మారింది. అక్షరాలు అధ్యక్షులవే. అర్థం ఏమిటో అంతయ్య గారు నేలచూపులు చూస్తూ, వీలైనంత తక్కువ తెలుగులో వివరించారు.

"ఇల్లు ఖాళీ చేయించాలి. నెలాఖరున కాదు, రేపే!" అని వెంకట్రావు గారు గర్జించారు. ఆయన ముందు పదకొండు ఖాళీ ఈనెలున్నాయి. దశరథకు జ్యోతిక పుస్తకాల మూట కళ్ళ ముందు కదిలింది. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెంటనే అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. ఖాళీ చేయించడానికి అభ్యంతరం లేదు గాని, కారణం మినిట్స్‌లో రాయాలి. కారణం రాస్తే తిన్నవాళ్ళ పేర్లూ రాయాలి. కార్యదర్శిగా కలం పట్టుకున్న అంతయ్య గారు మృదువుగా అడిగారు: "ఎవరెవరు తిన్నరో చేతులెత్తుండ్రి, రాసుకుంట."

చేతులు లేవలేదు. కొన్నిటికి ఇంకా పల్లీల ముద్ద అంటి ఉంది.

అప్పుడు సాంబమూర్తి గారిలోని పండితుడు మేల్కొన్నాడు. "నేను మొదటి ముద్దకే పనస అన్నాను. సభ ఆమోదించింది. ఆమోదించినదాన్ని మళ్ళీ తెరవడం సంప్రదాయం కాదు." పొట్టేలుకు సరిపోయిన మాట దున్నకు ఎందుకు చాలదని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. ఆదివారం వడ్డించినది పనసపొట్టేనన్న తీర్మానం మూడు నిమిషాల్లో ఏకగ్రీవంగా నెగ్గింది. దాని పక్కనున్న ముద్దను పల్లీ చట్నీ అని రాయాలా, వేరుశనగ పచ్చడి అని రాయాలా అన్నదాని మీద మాత్రం నలభై నిమిషాలు వాదోపవాదాలు జరిగి, ప్రాంతీయ మనోభావాలు గాయపడి, చివరికి ఆ చోటు ఖాళీగా వదిలేశారు.

తీర్మానం కింద దశరథ సంతకం కూడా కావలసి వచ్చింది.

"పనస అని పెట్టాల్నా సార్?"

"పెట్టండి. ఒప్పందం కూడా తెచ్చాను."

పది నెలలు ఒక చేతిలోనూ ఒక మాట మరో చేతిలోనూ ఉన్నాయి. దశరథ సంతకం పెట్టాడు. కొత్త ఒప్పందంలో ఒక వాక్యం చేరింది: "కిరాయిదారు గృహమునందు పెద్దకూర వండరాదు. పనసపొట్టు వండుటకు అభ్యంతరము లేదు." లచ్చమ్మ దాన్ని కూతురి చేత చదివించుకొని, "దున్న పోయి చెట్టెక్కింది," అని మాత్రం అంది.

ఆపై మూడో ఆదివారం వెంకట్రావు గారు నూట ఒకటి తలుపు తట్టి, ఈ కాలంలో పనసపొట్టు దొరుకుతుందా అని విచారించారు. దొరికింది. ఐక్యతా నిలయంలో పనసకు కాలం లేదు.

ఆగస్టులో రెండు వందల మూడో నంబరు ఫ్లాటు ఖాళీ అయింది. దశరథ బామ్మర్ది లింగస్వామి, బస్సు డ్రైవరు, భార్యను తీసుకొని అడగడానికి వచ్చాడు. ఆదివారం కాబట్టి కమిటీ మేడ మీదే ఉంది. అందరి చేతుల్లోనూ పుల్లలున్నాయి. అతనికీ మర్యాదగా ఒకటి ఇచ్చారు.

"మీ ఆహారపు అలవాట్లేమిటండీ?" అన్నారు సాంబమూర్తి గారు.

"అన్ని తింటం సార్. పెద్దకూర గూడ తింటం. దాచుడేముంది?"

సాంబమూర్తి గారు ఉలిక్కిపడ్డారు. ఇరవై రెండేళ్ళలో ఆయన శ్రద్ధగా నేర్చుకున్న తెలంగాణ మాట అదొక్కటే. నోట్లోది మింగి, పెదవులు తుడుచుకొని, విచారంగా తల ఊపారు. "క్షమించాలి. ఇది మర్యాదస్తుల అపార్ట్‌మెంటు. మీ దశరథ గారిని చూడండి. రెండేళ్ళలో ఒక్క మాట రాలేదు."

లింగస్వామి చేతిలోని పుల్లను చూశాడు. వాసన చూశాడు. పొయ్యి దగ్గరున్న మనిషి వైపు తిరిగాడు.

"బావా, మరి ఇదేంది?"

కమిటీ నమలడం ఆపింది. దశరథ నిప్పుల వైపు చూశాడు. కింద జ్యోతిక పాఠం వల్లె వేసుకోవడం వినబడుతోంది.

"పనస," అన్నాడు.

లింగస్వామి పుల్లను కొరకకుండానే పిట్టగోడ మీద పెట్టి, భార్యను పిలుచుకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెంకట్రావు గారు దాన్ని వృథా పోనివ్వలేదు.

ఆ ఫ్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. గేటుకు బోర్డు వేలాడుతోంది: "శాకాహారులు మాత్రమే సంప్రదించగలరు." ఇంతవరకూ నోరూరించుకుంటూ చదివి, ఊరినది పల్లీల ముద్దకేనని ఇప్పుడు నిశ్చయించుకుంటున్న పాఠకులు అర్హులే. ఆదివారం మధ్యాహ్నం, ఆకలితో రాగలరు.