పాపం, మొగోడు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. లాలాగూడలో వెల్డింగు దుకాణం నడిపే కరుణాకర్ ఆ రోజు షట్టరు తెరవడు. ఎనిమిది నెలల కూతురు సింధూజను భుజానేసుకుని తార్నాకలో బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్తాడు. పైన గదిలో భార్య పద్మశ్రీకి పీహెచ్‌డీ వైవా జరుగుతున్నంతసేపు, కింద వరండాలో పిల్లను ఆడిస్తాడు. అంతే.

ముందుగా బయల్దేరుతూ పద్మశ్రీ గడప దగ్గర ఆగింది.

"ఏడిస్తే పాలసీసా ఇయ్యి. గుడ్డ తడిస్తే మార్చు. భూమి బద్దలైనా సరే, నన్ను మాత్రం పిలువకు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడ్డది. పరీక్షకొచ్చే ఆ బయటి సారు మళ్ల దొరకడు. ఇయ్యాల గాకపోతే నా చదువు అటకెక్కినట్టే."

"నాకు చెప్తున్నవా? పుట్టినకాడికెల్లి దాన్ని నిద్రబుచ్చేదెవరు?"

అది నిజమే. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద ఆమె ఐదేళ్లు కుస్తీ పడుతుంటే, ఈ ఎనిమిది నెలలూ ఇంట్లో ఉయ్యాల ఊపింది కరుణాకరే. ఆ పనిలో అతనికి వెల్డింగులో కన్నా బాగా చెయ్యి తిరిగింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో కూర్చున్న శ్యామలాంబ అనే పెద్దావిడ పిల్లను చూసింది, కరుణాకర్‌ను చూసింది, అతని వెనకా పక్కా చూసింది. తల్లి ఎక్కడా కనబడలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి సీటిచ్చింది.

"కూసో నాయినా. ఎంత కష్టమొచ్చింది నీకు!"

నాకే కష్టమూ రాలేదమ్మా అని చెప్పాల్సింది. కానీ ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సులో టికెట్టు కొన్న మగవాడికి సీటు దొరకడం చిన్న విషయం కాదు. దొరికిన సీటును సత్యం కోసం వదులుకునేంత పెద్దమనిషి కాదు కరుణాకర్. ఓ నిట్టూర్పు విడిచి కూర్చున్నాడు. ఆ నిట్టూర్పే కొంప ముంచింది.

ఎందుకంటే శ్యామలాంబ ఉద్యోగం పద్మశ్రీ చదివే డిపార్టుమెంటు ఆఫీసులోనే. అతను వరండాలో బెంచీ వెతుక్కునేలోపే తల్లిలేని పిల్ల వచ్చిందన్న వార్త మేడంతా తిరిగొచ్చింది. ఊడుస్తున్న సమ్మక్క చీపురు పక్కన పెట్టింది. క్యాంటీను శివమ్మ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పట్టుకొచ్చి పైసలు వద్దంది. అతను కుదురుగా పట్టుకున్న పిల్ల హాయిగా నిద్రపోతోంది. అది వాళ్లకు నచ్చలేదు.

"మొగోళ్లకేం ఎరుక పిల్లల్ని ఎత్తుకునుడు? మెడ పడిపోతది, ఇటియ్యి," అని సమ్మక్క లాక్కుంది.

"అక్కా, అది పండుకున్నది..."

"పండుకున్నదా, సొమ్మసిల్లిందా? చూడు, కండ్లు తెరుస్తలేదు!" అని శివమ్మ చెంపలు తట్టింది.

సింధూజ కళ్లు తెరిచి, ఎదురుగా మూడు కొత్త మొహాలు కనబడేసరికి గుక్కపట్టి ఏడ్చింది.

"చూసినవా? తల్లి మీద బెంగ!" అంది శ్యామలాంబ.

అక్కణ్ణుంచి పిల్ల చేతులు మారింది. ఒకరు కడుపునొప్పి అన్నారు, ఒకరు దిష్టి అన్నారు. టోపీ తీశారు, మళ్లీ పెట్టారు, ఎవరిదో చున్నీ చుట్టారు. కరుణాకర్ పాలసీసా పట్టుకుని ఆ గుంపు చుట్టూ తిరిగాడు. "ఒక్క నిమిషం నాకియ్యండమ్మా, ఊకుంటది," అంటే అందరూ జాలిగా నవ్వారు.

"బౌద్ధనగర్‌ల మా చిన్నమ్మ బిడ్డ ఉన్నది," అంది శ్యామలాంబ గొంతు తగ్గించి. "టీచరు. నీ పిల్లను కన్నబిడ్డ లెక్క చూసుకుంటది. ఏడాది మాసికం కానియ్యి, మాట్లాడుదాం."

"అమ్మా! నా పెండ్లాం బతికే ఉన్నది! పైన వైవాల ఉన్నది!"

చచ్చిపోయిన ఇల్లాలి మీద అప్పటిదాకా ఉన్న గౌరవం బతికున్నదని తెలియగానే ఎగిరిపోయింది.

"బతికుండి పిల్లను మొగోని మీద పారేసి పోయిందా?" అని సమ్మక్క ముక్కున వేలేసుకుంది. "పదుండ్రి, అడుగుదాం!"

కరుణాకర్ పరుగున వెళ్లి మెట్ల మీద చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. "మీ కాళ్లు మొక్కుత. ఆమెను పిలువొద్దు. వైవా ఆగిపోతది."

"చూడుండ్రి, పెండ్లామంటే ఎట్ల వణుకుతున్నడో!" అంది శివమ్మ. ఆ జాలి ఊపులో అందరూ అతని చంకల కింద నుంచి దూరి పైకెళ్లారు.

లోపల పద్మశ్రీ తెరమీద ఎండిన ఆకు బొమ్మ చూపిస్తోంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు లక్ష్మీనర్సయ్య గారు వింటున్నారు. తలుపు తోసుకుని ఏడుస్తున్న పిల్ల, పిల్ల వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక సీసాతో మొగుడు వచ్చారు. లక్ష్మీనర్సయ్య గారు గభాలున లేచి తన కుర్చీ కరుణాకర్‌కు ఇచ్చారు.

"కూర్చో బాబూ. మంచినీళ్లు తాగు." తర్వాత పద్మశ్రీ వైపు తిరిగారు. "చూడమ్మా, నీకు సాయం చేద్దామనే చెబుతున్నాను. ఓ ఏడాది ఇంటిపట్టున ఉండి పాపను చూసుకో. ఆ తర్వాత తీరిగ్గా వైవా పెట్టుకుందాం."

పద్మశ్రీ మొహం తెరమీది ఆకు రంగుకు తిరిగింది. ఆమె కరుణాకర్‌ను చూసిన చూపుతో వెల్డింగు చేయవచ్చు.

కరుణాకర్ చుట్టూ చూశాడు. పొద్దుటి నుంచి నిజం చెప్పినప్పుడల్లా పని చెడింది. కుర్చీలో కూలబడి గొంతు వణికించాడు.

"ఏడాదా సారూ? ఇంక ఏడాది ఈ చదువు నడిస్తే పిల్లను పట్టుకునేది నేనే. మొగోణ్ణి. నాతోని గాదు, సచ్చిపోత. ఇయ్యాల్నే కానిచ్చి నన్ను బతికియ్యండి!"

గది కరిగిపోయింది. శ్యామలాంబ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లక్ష్మీనర్సయ్య గారు కళ్లజోడు తుడుచుకుని, సంతకం పెట్టడానికి పెన్ను తీశారు.

"సార్, ఇంక నాలుగో అధ్యాయం ఉన్నది," అంది పద్మశ్రీ. "నా అసలు పనంతా అందులనే ఉన్నది. ఒక్క ప్రశ్నన్నా అడగండి!"

"వద్దమ్మా. పాపం, ఆయన చేతిలో పాలసీసా ఉంది."

చప్పట్లు మోగాయి. "ఇంత ఓపికతోటి పెండ్లాన్ని చదివించినవ్, దేవునివి కొడుకా!" అని సమ్మక్క మెటికలు విరిచింది. పరీక్షకుడికి కప్పాలని పద్మశ్రీ కొనితెచ్చిన శాలువాను ఆయనే విప్పి కరుణాకర్ భుజాల మీద కప్పారు. ఏడ్చి ఏడ్చి అలసిన సింధూజను అతని ఒళ్లో కూర్చోబెట్టారు. శ్యామలాంబ తన ఫోను పద్మశ్రీ చేతిలో పెట్టి, తను కూడా వెళ్లి కరుణాకర్ పక్కన నిలబడింది.

డాక్టర్ పద్మశ్రీ గారు ఫొటో తీశారు.